రంగు రాని కుళాయి

“మళ్లీ తయారయ్యావా?” అంది టీచరు, గేటు తీస్తూనే.

“నిన్న రంగు రాలేదు కదండీ. నేను రాక తప్పదు” అన్నాడు నీళ్ల పరీక్షాయన.

నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉంటే, మాత్ర వేసి ఊపగానే ట్యూబులో గులాబీ రంగు తేలాలి. తేలితే మళ్లీ నెలకే రావడం. తేలకపోతే మర్నాడే రావాలి. అది రూలు. గొట్టం చివరనున్న ఆ ఇంటి కుళాయి పదకొండు రోజులుగా రంగివ్వడం లేదు.

ఆయన కుళాయి తిప్పి కాసేపు నీళ్లు వదిలేశాడు. ట్యూబు కడిగి నింపాడు. మూత పెట్టి, ఊపి, వెలుతురుకు ఎత్తి పట్టాడు.

“సున్నా.”

“ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పాను. ఇన్ని సున్నాలు ఏ మొద్దు వెధవకీ వెయ్యలేదు. కూర్చో, కాఫీ చల్లారిపోతోంది.”

మూడో రోజు నుంచీ వరండాలో రెండో కుర్చీ ఉంటోంది. ఆయన కూర్చున్నాడు.

“మీ ఇంజనీరు ఊరుకుంటున్నాడా?”

“లేదండీ. పరీక్ష చేతకాకపోతే పంపుహౌసులో కూర్చోబెడతానన్నారు.”

“అక్కడ మాట్లాడేవాళ్లుంటారా?”

“మోటారుంటుంది.”

ఆమె ఆయన చొక్కాకు ఊడిన బొత్తాం మీదికి మళ్లింది. పెళ్లాం పోయిన మగాళ్లంతా ఇలాగే తయారవుతారంది. ఆయన తలూపుతూ విన్నాడు. ఇంట్లో తిట్టే మనిషి లేక ఆరేళ్లయింది.

గేటు ముందు జీపు ఆగింది. ఇంజనీరు తన పెట్టె పట్టుకుని దిగాడు.

“పక్కింట్లో వచ్చే రంగు ఇక్కడెందుకు రాదయ్యా? జరుగు. తప్పు నీదని తేలిందో, రేపే పంపుహౌసు.”

ట్యూబు నింపి, మాత్ర వేసి ఊపాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

“ఏమిటిది?”

పరీక్షాయన తన చెప్పులు చూసుకున్నాడు.

“ఆయన్నేమీ అనకండి” అంది టీచరు. “ట్యూబు రోజూ నేనే కడిగిచ్చాను. నిమ్మకాయ పిండిన చేత్తో.”

“అదీ సంగతి! నిమ్మరసం తగిలితే క్లోరిన్ విరిగిపోతుందమ్మా” అని ఇంజనీరు నవ్వేశాడు. “నీ ట్యూబు నువ్వు కడుక్కోలేవటయ్యా?” అంటూ జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగింది.

“మీరు నా ట్యూబు ముట్టుకోనైనా లేదు. ఎందుకలా చెప్పారు?” అన్నాడాయన.

ఆమె ఖాళీ గ్లాసులు తీసింది.

“నువ్వు ఒక్కరోజైనా మాత్ర వేశావా?”