ఆఖరి పాటకు స్తోత్రం

ఎలీషబా కొడుకు పలకల మిల్లు చప్పుళ్లతో హిప్‌హాప్ బీట్లు కట్టేవాడు. ఉబ్బసంతో పోయాడు. వాడి పాటలు ఏరి ఆల్బమ్‌గా తెచ్చింది స్నేహితుడు ఫిలేమోను. కొడుకు గొంతు వినే ధైర్యం లేక ఎలీషబా ఆ పాటలు పెట్టలేదు.

జ్ఞాపకార్థ కూడికలో ఫిలేమోను లేచి, ఆల్బమ్ మీద వచ్చిన సమీక్షను సాక్ష్యం చెప్పినట్టు ఫోన్లో చూసి చదివాడు.

"మార్కాపురం మట్టిలోంచి పుట్టిన సంగీతం ఇది."

"స్తోత్రం!" అన్నారు చాపల మీద కూర్చున్నవాళ్లు.

"మిల్లు చప్పుడుకు ప్రాణం పోశాడు."

"స్తోత్రం!"

ఆ ఊపులో ఫిలేమోను కిందిదాకా చదివేశాడు.

"ఆఖరి పాట మాత్రం తేలిపోయింది. 'ఊపిరాడటంలే, ఆటో పిలువురా' అని పాటంతా బతిమాలడం మరీ అతి నటన."

"స్తోత్రం!"

ఎలీషబా ఒక్కతే అనలేదు.

"నువ్వు పోయేటప్పటికే వాడు ప్రాణం విడిచినాడంటివే, నాయనా? మరి ఎవరిని బతిమాలినాడు?"

ఫిలేమోను ఫోన్ దించాడు.

"రికార్డింగ్ నడస్తా ఉండె, పెద్దమ్మా. వాడు అంత బాగా ఎప్పుడూ పాడలే."

వెనక చాప మీద, చెవులు సరిగా వినబడని ముసలాయన గట్టిగా అన్నాడు.

"స్తోత్రం!"