ఉప్పాడ మెరుపు, భీమిలి మెరుపు

ఇళ్లలో కరెంటు దీపాలకు బదులు నీటి జాడీల్లో మిణుగురు రొయ్యలు వెలుగుతున్న కాలమది. భీమిలి నూకాలు జాడీలో, ఆమె పెనిమిటి బతికుండగా సముద్రంలో పట్టి తెచ్చినవాటి సంతతిలో ఆడవే మిగిలాయి. జత దొరక్కపోతే వంశం ఆగిపోతుందని కోడలు మరిడమ్మ తన పుట్టిల్లు ఉప్పాడ నుంచి మగవాటిని తెచ్చి వదిలింది. వారం రోజులు అవి మూడేసిసార్లు మెరిసి పిలిచినా ఆడవి కదల్లేదు.

“మీయి ఒక్క పొడుగు మెరుపుకే పలుకుతాయి అత్తా. మా ఊరి బాస ఈటికి తెలవట్లేదు,” అంది మరిడమ్మ దిగులుగా.

ఎనిమిదో సాయంత్రం ఒక మగది మూడో మెరుపును కాస్త సాగదీసింది. ఒక ఆడది అడుగు నుంచి తేలి వచ్చి దాని పక్కకు చేరింది.

నూకాలు కోడలి చెయ్యి పట్టుకుంది. “మీ మావది కూడా ఏరే ఊరేనే. ఆయన మాట నాకు తెలిసీసరికి ఏడాది పట్టీసింది.”

నెల తిరక్కుండా జాడీ నిండా నూకల్లాంటి పిల్లలు ఈదాయి.