ఎడమకంటికా అక్కా?

నేనేం చెప్పినా మా ఆవిడ "రియల్‌గా?" అంటుంది. ఒకసారి దానర్థం "ఏదీ, చూపించండి", ఇంకోసారి "ఇక నోరు ముయ్యండి". వేళాకోళాలాడి నేను సంపాదించుకున్న పరువు అది.

కుడికంటికి గాజుకన్ను పెట్టాక, తన టైలరింగ్ షాపు షట్టరు సగం దించుకుని, నల్లద్దాలతోనే కుడుతోంది. "అచ్చం అసలు కన్నులాగే ఉందే," అన్నాను. "రియల్‌గా?" అంది. ఈసారి దానర్థం భయం.

అందుకే దారాలు, గుండీలు అమ్మేవాణ్ని పట్టుకున్నాను. "మా ఆవిడ అద్దాలు తియ్యగానే, ఆపరేషన్ ఎడమకంటికా అక్కా అని అడుగు," అని నూరిపోశాను.

వాడు వచ్చాడు. దారం రంగు సరిచూడ్డానికి ఆమె అద్దాలు తీసింది. వాడు తేరిపార చూసి, "ఆపరేషన్ ఎడమకంటికా అక్కా?" అన్నాడు.

ఆమె నావైపు తిరిగింది. "ఎన్నిసార్లు వల్లె వేయించారేంటి?"

"నాకేం తెలుసే! రియల్‌గానే అడిగాడు."

"మీ మొహం," అంటూ అద్దాలు పెట్టేసుకుంది.

వాణ్ని బయటికి లాక్కొచ్చి కసిరాను. "పాఠం అప్పజెప్పినట్టు అలా వాగావేంట్రా? దొరికిపోయాం!"

వాడు బుర్ర గోక్కున్నాడు. "నువ్వు కుడి అనమన్నావో, ఎడమ అనమన్నావో లోపలికెళ్ళగానే మర్చిపోయానన్నా. చూస్తే తెలిసిపోతుందిలే అని, చూసే చెప్పాను. తప్పు చెప్పానా?"

నేను నోరు తెరిచేలోగా వెనక షట్టరు పైదాకా లేచింది. మా ఆవిడ ఎండలో నిలబడి ఉంది. అద్దాలు చేతిలో ఉన్నాయి.

"రియల్‌గా?" అంది.

ఈసారి అడిగింది నన్ను కాదు.