సరళమా, క్లిష్టమా?

ఫారంలో చివరి ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఈ పథకం కొనేవారికి సరళమా, క్లిష్టమా? ‘సరళం’ దగ్గర టిక్కు పెట్టాను.

“ఇంతకీ ఏంటి బాబూ ఇది?” అంది నాంచారమ్మ. గిలకలదిండి రేవులో ఇరవై ఏళ్లుగా చేపలమ్మే మనిషి.

“ఎదుగుతున్న దేశాల ఇండెక్స్ ఫండ్ అత్తా. నీ గంప లాంటిదే. పది రకాల చేపలుంటాయా, ఒకదానికి ధర పడితే ఇంకోటి ఆదుకుంటుంది. చాలా తేలిక.”

“మరి గంపలో ఒకటి కుళ్లితే పక్కవీ కుళ్తాయి గదా?”

నవ్వేశాను. ఆమె ఇంకేమీ అడగకుండా తలూపి సంతకం పెట్టింది.

ఏడాది తిరక్కుండానే, 2008లో, అన్ని దేశాల మార్కెట్లూ కలిసికట్టుగా కూలాయి. ఆమె డబ్బు సగమైంది.

బందరులో నా ఆఫీసుకొచ్చింది. తిడుతుందని తల దించుకున్నాను.

“తప్పు నాదేలే బాబూ. తేలికన్నావు. అంత తేలికైంది కూడా అర్థం కాలేదంటే మళ్లీ నవ్వుతావని తలూపేశాను.”



విజయవాడలో కంపెనీవాళ్లు మా ఏజెంట్లకు ఆ ఫండ్ గురించి క్లాసు చెప్పిన రోజు, నేనూ అందుకే తలూపాను.