వెనకాల ఆయాసం

“నెలాఖరు పరుగులో కూడా ఆఖరునే వస్తే పెట్టె సర్దుకో,” అన్నారు కోచ్ సారు.

పదిహేనేళ్ళ పిల్ల తల వంచుకుంది.

పదివేల మీటర్లు, ఇరవై అయిదు చుట్లు. తోటిపిల్లలు ముగించి నీళ్ళు తాగుతుంటే, మైదానంలో తనొక్కతే మిగిలేది. ఈ హాస్టల్లో సీటు పోతే ఇక పరుగూ లేదు, చదువూ లేదు.

మర్నాడు పొద్దున మూడో మలుపులో వెనక ఎవరిదో ఆయాసం వినిపించింది.

స్టోరత్త.

బూట్లూ బంతులూ ఉండే గదికి తాళం తీసి, వేసే మనిషి. నెరిసిన జుట్టు, ఎడమ కనుబొమ్మ మీద తెగిన మచ్చ, మడమ దగ్గర కుట్లు వేసిన బూట్లు. పేరేమిటని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

“ఈ వయసులో నీకెందుకత్తా ఈ తిప్పలు?”

“ఒళ్ళు తగ్గాలి తల్లీ. కాస్త మెల్లగా పో, అందుకుంటా.”

“అందుకున్నావులే.”

పిల్లకి నవ్వొచ్చింది. తన వెనక కూడా ఒకరున్నారు. అంతకంటే హాయి ఏముంటుంది?

రోజూ అదే వరస. పిల్ల వేగం పెంచితే వెనక ఆయాసం పెరిగేది. ఇద్దరి మధ్య దూరం మాత్రం పెరిగేది కాదు.

“షెడ్డుకెళ్ళాల్సిన బండివి, ఇంకా వదలవేం?”

“షెడ్డు బండి నిన్ను దాటిపోతే పరువు నీదే పోతుంది, చూసుకో.”

నెలాఖరున పిల్ల ఆఖరు నుంచి మూడోది. సీటు నిలిచింది.

ఏడాది తిరిగేసరికి అందరికంటే ముందొచ్చింది. ఆ మర్నాటి నుంచి అత్త పరుగుకి రావడం మానేసింది. అమ్మాయి ఆ సంగతి గమనించనే లేదు.

పతకాలొచ్చాయి. మంచం పక్క గోడకి ఒక కాగితం అంటించుకుంది: 34:11. పదివేల మీటర్లలో ఎవరూ దాటని మైదానం రికార్డు. రికార్డుల బోర్డు మీద రంగు పెచ్చులూడి పేరు పోయింది, అంకెలే మిగిలాయి. పన్నెండేళ్ళు వాటి వెంట పరిగెత్తింది. ఒకసారి నాలుగు సెకన్ల తేడా దాకా వచ్చింది. ఆపైన మోకాలు మొరాయించింది.

సన్మానం రోజు స్టోరత్త గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది. అమ్మాయి చెయ్యి ఊపి కారెక్కేసింది.

ఊళ్ళు మారి, ఒంటరి ఇంట్లో ఒక్క కుర్చీయే అరిగిన వయసులో, అదే మైదానానికి కోచ్‌గా తిరిగొచ్చింది.

“స్టోరత్త ఏది?” వాచ్‌మన్‌ని అడిగింది.

“పోయిన నెలే పోయారు మేడమ్. నా అన్నవాళ్ళెవరూ లేరు. మైదానం వాళ్ళమే సాగనంపాం.” తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. “మీరొస్తే ఇవ్వమన్నారు. మా పిల్ల ఎప్పటికైనా వస్తుందనేవారు.”

స్టోరు గదిలో, అరలో, ఆ కుట్ల బూట్లు. పక్కనే ఓ పాత ఫోటో. గుండెతో రిబ్బన్ తెంచుకుంటూ ఒక పడుచు పిల్ల. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ.

వెనక్కి తిప్పింది. సిరాతో ఒక తేదీ, దాని కింద అంకెలు.

34:11.

ఆమె బూట్లు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. అంతలా రొప్పే ఆ ముఖం మీద ఏనాడూ చెమట చుక్క చూడలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళు వెంటపడినా తనకు అందని మనిషి, ఆ ఏడాదంతా ఉత్తుత్తి ఆయాసంతో తన వెనకాలే పరిగెత్తింది.