అరచేతిలో కర్పూరం

ఆదోనిలో సావుకారి పాత పత్తి గోడౌను కూలగొడుతుంటే గోడ సందులో నాకు రేకు రాకెట్టు దొరికింది. పన్నెండేళ్ల కింద వాళ్లింట్లో పోయిన బొమ్మ.

అప్పట్లో వాళ్లింటి పనిమనిషి మా అమ్మ హులిగెమ్మ. తీయలేదంటే వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయమన్నారు. అమ్మ ఆర్పలేదు. ఆమె దొంగ అయింది, నేను దొంగదాని కొడుకునయ్యాను.

ఆ పేరు పోవాలని రాకెట్టు తీసుకుపోయి సావుకారి కొడుకు దత్తాత్రేయ ముందు పడేశాను. ఆయన చిన్నప్పటి అంతరిక్షం బొమ్మలన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి, నడుమ ఒక్క చోటే ఖాళీ.

దాన్ని గుండెకు హత్తుకున్నాడు. "ఇది చంద్రుని కాడికి పోతాదనుకుంటాంటినప్పా. మా తమ్మునికి దొరక్కూడదని నేనే ఆడ దాచినా."

"మా అమ్మను తరిమినప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదు సావుకారూ?"

"దాచిన సంగతే మరిసిపోయినా. రాఘవేంద్రస్వామి మీద ఒట్టు."

రాకెట్టు లాక్కుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. అమ్మ అక్కడ మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. నేను కూడా ఇన్నేళ్లూ ఆమెను దొంగే అనుకున్నాను.

"తీయనిదానివి కర్పూరం ఎందుకు ఆర్పలేదమ్మా?"

రాకెట్టు చూసి అమ్మ చేతిలో నూలు తెగింది. "నువ్వు తీసినావేమో అనుకుంటి నాయనా. అబద్ధం ప్రమాణం సేస్తే నీకు తగులుతాదని."

కర్పూరం కొనుక్కుని, అమ్మను వెంటబెట్టుకుని ఆదోని బస్సెక్కాను. దత్తాత్రేయ నోటితో వేసిన ఒట్టు చాలదు.