అగరుబత్తి వెలగని ఇల్లు

చీము చూస్తే వాంతికొచ్చే నాలాంటిదాని పూజను దేవుడు తీసుకుంటాడా అన్న అనుమానం నాకు ముప్పై ఏళ్లుగా ఉంది. అప్పట్లో నా కాన్పు తరువాత ఒళ్లంతా విషమెక్కి మంచం కంపు కొడుతుంటే, పక్కింటి ఓబులమ్మ నా గుడ్డలన్నీ తన చేతులతో ఉతికింది. ఆ రుణం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆమె మడమ కుళ్లింది. కొడుకు కేశవ ఆమె ముక్కుకు హైడ్రోజన్ గ్యాసు గొట్టం తగిలించి నిశ్చింతగా కూర్చున్నాడు. నీళ్ల కుళాయి పక్కన ఆ గ్యాసు కుళాయి కూడా ఇంటింటికీ వచ్చింది మరి.

"కట్టు ఎప్పుడు మార్చినావురా?" అన్నాను.

"ఎందుకు పెద్దమ్మా? ఒంట్లో విషమెక్కినా గ్యాసు గుండెను, కిడ్నీలను కాపాడతా ఉంది గదా. చూడు, ఈ మిషను తెర మీద అన్నీ పచ్చ గీతలే."

"పుండును కడిగే గ్యాసు ఇంకా రాలేదు గదరా! ఇట్లే వదిలేస్తే కాలే తీసేస్తారు."

కట్టు విప్పితే లోపల పురుగులు. కంపు భరించలేక అగరుబత్తి వెతకబోతే కేశవ అడ్డుపడ్డాడు.

"నిప్పు వద్దు, ఇల్లు అంటుకుంటాది."

నిజమే. గ్యాసు వచ్చాక ఏ ఇంట్లోనూ దీపం లేదు, ధూపం లేదు. కంపును కప్పే దారే లేదు.

కరెంటు పొయ్యి మీద కాచిన నీళ్లతో కడుగుతూ రెండుసార్లు డోకాను.

"బయట కక్కు అక్కా, నా కాలి మీద కాదు," అంది ఓబులమ్మ. "నీ గుడ్డల కంటే ఇది మేలే."

నాకు అసహ్యం పోలేదు. దేవుడు చూస్తే చూడనీ అనుకుని, ఎర్రటి కండ కనిపించేదాకా కడిగి కొత్త కట్టు కట్టాను. తరువాత ఆమె పక్కగుడ్డలను, చీము అంటిన చీరను చేతులతోనే ఉతికి, అప్పట్లో నావి ఆమె ఆరేసిన పెరటి తీగ మీదే ఆరేశాను.